హారన్లు పెంచితే పాట వినబడదు

సింహాచలం: ఊరంతా చందాలు వేసుకొని మేళాన్ని పిలిపిస్తారు. పందిరి వేస్తారు, స్తంభానికో హారన్ కడతారు. తీరా ఆట మొదలయ్యాక వినిపించేది మైకు కూతే తప్ప పాట కాదు. జిల్లాలో పండుగ జరిగే చాలా ఊళ్లలో ఇదే తంతు.

సింహాద్రి అప్పన్నకు చైత్ర శుద్ధ ఏకాదశినాడు కల్యాణం, వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి ముందు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ జరుగుతాయి. కొండ చుట్టుపక్కల గ్రామాల్లో అమ్మవారి పండుగలు సరేసరి. సన్నాయి, డోలు, తప్పెటగుళ్లు, కోలాటం, పాటకచేరీ ఇలా ఒక్కొక్క మేళానికీ ఒక్కో గొంతు ఉంది. అన్నింటికీ ఒకే తీరున మైకు పెట్టడంతోనే చిక్కు వస్తోంది.

సన్నాయి, డోలు సహజంగానే గట్టిగా మోగుతాయి. చిన్న పందిట్లో వీటికి మైకే అక్కరలేదు. పెద్ద మైదానమైతే మూడు నాలుగు అడుగుల ఎడంగా ఒక్క మైకు చాలు. గాయకుడి సంగతి వేరు. ఆయన నోటికి నాలుగు వేళ్ల దూరంలో మైకు ఉండాలి. దూరం పెరిగితే గొంతు కంటే డోలే ఎక్కువగా మైకులో పడుతుంది.

తప్పెటగుళ్ల వారు గుండెలపై తప్పెటలు కట్టుకొని వాయిస్తూ, ఎగురుతూ, తిరుగుతూ పాడతారు. స్టాండు మైకు ముందు వారిని కదలకుండా నిలబెడితే ఆట చెడుతుంది. పాట ఎత్తుకొనే గురువుకు చొక్కాకు తగిలించే మైకు ఇచ్చి, తక్కిన వారిని స్వేచ్ఛగా ఆడనివ్వడం మేలు.

కూత ఎందుకొస్తుంది?

హారన్ నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో పడి, యాంప్లిఫయర్‌లో పెరిగి, మళ్లీ హారన్ నుంచే బయటికి వస్తుంది. అదే కూత. అందుచేత హారన్లు, బాక్సులు మైకుల కంటే ముందు, జనం వైపు తిరిగి, తలల కంటే ఎత్తున ఉండాలి. వాడని మైకులు కట్టేయాలి. తెరిచిన మైకులు పెరిగేకొద్దీ కూత త్వరగా వస్తుంది. మైకు తీగను కరెంటు తీగ పక్కన లాగితే గుయ్యిమనే మోత తగులుకుంటుంది. సీరియల్ లైట్లకు వేరే లైను ఇవ్వడం మంచిది.

కొండ తిప్పికొడుతుంది

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బాక్సులు కొండవైపు తిప్పితే, 170 మీటర్ల దూరంలోని రాతి గోడకు తగిలిన పాట సెకను తర్వాత తిరిగి వస్తుంది. అప్పుడు ఒక మాట మీద మరో మాట పడుతుంది. వంద మీటర్ల ఎడంగా రెండు హారన్లు కట్టినా ఇదే బాధ. ఒక దాని పక్కనున్న వారికి రెండోది సెకనులో మూడో వంతు ఆలస్యంగా వినబడుతుంది. కాబట్టి కొండకు వీపు పెట్టి, కొద్దిపాటి బాక్సులతో సరిపెట్టుకోవడమే తెలివి.

జనం రాకముందే మేళంతో ఒక పాట పాడించి, ముందు వరుసలోను, చివరి వరుసలోను నిలబడి వినాలి. మాట తెలియకపోతే శబ్దం పెంచడం కాదు, ముందు డోలు మైకు తగ్గించి చూడాలి. జనం కూర్చున్నాక శబ్దాన్ని కొంత పీల్చుకుంటారు గనుక అప్పుడు మరోసారి సరిచూసుకోవాలి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట మైకులు పనికిరావు. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన పండుగ రోజుల్లో అర్ధరాత్రి వరకే వీలు. పరీక్షలకు చదువుకునే పిల్లలు, మంచంపట్టిన ముసలివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారని మరువరాదు.

పాట వినబడకపోతే నింద పడేది మైకు సెట్టు మీద కాదు, మేళం మీద. మరుసటి ఏడు వారిని పిలవడం మాని రికార్డులు పెట్టేస్తారు. అప్పుడు పోయేది కళాకారుడి కూడు. పండుగ పెద్దలు హారన్ల లెక్క తగ్గించి, మేళానికీ మైకు సెట్టు వారికీ ముందుగా ఒక గంట సమయం ఇస్తే ఖర్చూ తగ్గుతుంది, పాటా నిలుస్తుంది.