కోసిగి బిడ్డలును అంగనవాడి తలుపులును

దీపావళి దాటినది మొదలు ఉగాది వచ్చువఱకు కోసిగి ప్రాంతపు పల్లెలలో ననేక గృహములకు తాళములు వ్రేలాడుచుండును. వానలు తప్పిన యేట నీ తాళములు మఱింత ముందుగనే పడును. ప్రత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును జనులు కుటుంబములతో గుంటూరు సీమకు తరలిపోవుదురు. మఱికొందఱు కట్టడపు పనులకై బెంగుళూరు చేరుదురు. తుంగభద్ర చెంతనే యున్నను దాని నీరందని మెట్టచేలవారికి ఈ వలస యేటేటి యాచారమైనది. బడియీడు పిల్లలకొఱకు వలసకాలపు వసతిగృహములు పెట్టబడినవి. కాని చంటిబిడ్డ తల్లిని విడిచి యుండజాలడు గదా! వాడు తల్లి చంకనెక్కి పరాయి యూరి చేనిగట్టునకు బోవలసినదే.

ఇట్టి బిడ్డలకొఱకే 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమున 33 బ్లాకులలో నారంభింపబడినది. ఆఱేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును అంగనవాడి కేంద్రమే దాని వాకిలి. ఆహారము, టీకాలు, బరువు తూచుట, ఆటపాటల చదువు అందు లభించును. 2013వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ఈ యాహారమును హక్కుగా జేసినది. మూడేండ్లు మొదలు ఆఱేండ్లవఱకు గల బిడ్డకు దినమునకు 500 కేలరీలును, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులును గల భోజనము పెట్టవలయునని యందు మొదట విధింపబడినది. ఇంత యేర్పాటుండియు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది యీడునకు దగిన యెత్తు లేనివారని తేలినది. ఆఱు నెలలు దాటినవారిలో నూటికి 63 మందికి రక్తహీనత కలదు.

దీనికి కారణము తల్లుల యశ్రద్ధయే యని పలువురు తేలికగా ననుచుందురు. మేమీ మాట నొప్పుకొనజాలము. కూలికి బోవు తల్లి తెల్లవాఱకముందే యిల్లు వెడలును. కేంద్రము తొమ్మిది గంటల ప్రాంతమున దెఱవబడును. నడుమ బిడ్డను చేర్చువా రెవరు? ఇంట అవ్వ యున్న సరి; లేకున్న బడి మానిన యక్కయే దిక్కు. ఒకనాటి కూలి పోగొట్టుకొనినగాని బిడ్డను చేర్చలేని తల్లిని అజ్ఞానురాలని నిందించుట న్యాయము కాదు.

నమ్మకమును గూడ విచారింపవలయును. వేతనములకొఱకు అంగనవాడి కార్యకర్తలును, ఆయాలును 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు సమ్మె చేసిరి. అపుడు పెక్కు చోట్ల అధికారులు తాళములు పగులగొట్టించి కేంద్రములను దెఱపించిరి. కాని తలుపు తెఱచుట యొకటి, తల్లి నమ్మి బిడ్డను విడుచుట యొకటి. తమ యూరి మనిషి, తమ మాట మాటలాడు మనిషి లోపల నున్నదన్న ధైర్యము తాళపుచెవితో రాదు.

వలస కాలమున నీ ధైర్యమును తెగిపోవును. పేరు కోసిగి పుస్తకమున నుండును. బిడ్డ గుంటూరు చేలలో నుండును. చట్టమిచ్చిన హక్కునకు ఊరి పొలిమేర లేదు. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ నందు పేరును ఒక కేంద్రమునుండి వేఱొక కేంద్రమునకు మార్చుకొను వీలు కలదు. అయినను అడిగినగదా మార్చుట! ఎవరి నడుగవలెనో తల్లి యెఱుగదు. కూలీలను గొనిపోవు మేస్త్రీకి అది పట్టదు. గుడారములు ఊరికి దవ్వుగా నుండును.

కావున మేము కోరునది యిది. ప్రయాణమునకు ముందే కార్యకర్త యే బిడ్డ యే యూరికి బోవుచున్నాడో వ్రాసికొని, అచటి కేంద్రమునకు దెలుపవలెను. కోతల దినములలో కేంద్రపు వేళలు కూలివారి వేళల ననుసరింపవలెను. అదనపు గంటలకు కార్యకర్తకు దగిన ప్రతిఫల మీయవలెను. కూలీలను రప్పించుకొను రైతుసోదరులు లారీ దిగిననాడే పసిబిడ్డల లెక్క దీసి, చేరువ కేంద్రమునకు కబురు పంపవలెను. ఇది వారికి బూటపని. బిడ్డకు ఆఱు నెలల యన్నము. మన ప్రత్తియు మన మిరపయు ఇంటికి జేర్చు చేతుల బిడ్డలు ఆకలితో చేనిగట్టున బండియుండుట మన గౌరవమునకు లోపము. రానున్న దీపావళి లోపుగనే యీ యేర్పాటు జరుగునుగాక!