యంత్రం దాటలేని హద్దు

లిలువా వైపు నుండి హుగ్లీ నదిని దాటితే బరానగరం. అక్కడి భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో 1955లో మన దేశపు తొలి డిజిటల్ కంప్యూటరును నెలకొల్పారు. నేడు ఖగోళ పరిశోధకులు కంప్యూటరుకు వేలాది చిత్రాలు చూపి, నక్షత్రమేదో గెలాక్సీ ఏదో గుర్తించడం నేర్పుతున్నారు. కాని అందిన కాంతి స్వల్పమైనప్పుడు నక్షత్రస్థానాన్ని ఎంత ఖచ్చితంగా చెప్పగలం?

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి ఈ సంస్థలో చేరిన సి.ఆర్. రావు 1945లోనే ఇందుకు మూలసూత్రాన్ని అందించారు. పరిశీలనలలో ఉన్న సమాచారం పరిమితం. ఒక పక్కకు ఒరగని ఏ అంచనాలోనైనా దోషం ఒక హద్దుకంటె తగ్గదు. స్వీడన్ గణితవేత్త క్రామర్ కూడా స్వతంత్రంగా కనుగొన్నందున ఇది 'క్రామర్–రావు హద్దు'గా ప్రసిద్ధి చెందింది.

యంత్రం వేగాన్ని పెంచగలదు. పరిశీలనలో లేని సమాచారాన్ని సృష్టించలేదు. హద్దుకు మించిన ఖచ్చితత్వం కనిపించినచో, ఆవిష్కరణగా ప్రకటించుటకు ముందే పరిశోధకుడు దానిని శంకించవలెను.