మీకు తెలుసా? కూలెంట్‌లో ఆయిల్ కలిసినంత మాత్రాన తప్పు హెడ్ గాస్కెట్‌దే కానక్కరలేదు

పాత కారు ఇంజిన్ తరచూ వేడెక్కుతూ, రేడియేటర్ మూత లోపల పాల టీ రంగులో జిడ్డు నురుగు కనిపిస్తే, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో ఆయిల్ కలుస్తోందని భావించవచ్చు.

● సిలిండర్ బ్లాకుకూ దానిపైనుండే హెడ్‌కూ మధ్య ఆయిల్, కూలెంట్, దహన వాయువుల దారులను వేరుచేసే పలుచని పొరే హెడ్ గాస్కెట్. పోత ఇనుప బ్లాకుపై అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజిన్లలో, ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, ఇంజిన్ అతిగా వేడెక్కితే హెడ్ వంగి గాస్కెట్ పట్టు సడలవచ్చు.

● ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ పీడనం సాధారణంగా కూలెంట్ పీడనాన్ని మించి ఉంటుంది. అందువల్ల కూలెంట్‌లో ఆయిల్ తేలుతున్నా డిప్‌స్టిక్‌పై ఆయిల్ శుభ్రంగానే ఉంటే, కూలెంట్ సాయంతో ఆయిల్‌ను చల్లార్చే ఆయిల్ కూలర్‌ను కూడా పరీక్షించాలి. గేర్‌బాక్స్ ఆయిల్‌ను రేడియేటర్‌లోనే చల్లబరిచే ఆటోమేటిక్ కార్లలో, అక్కడి లీకు కూడా ఇదే లక్షణం చూపుతుంది.

● రేడియేటర్ మూతి వద్ద అమర్చే పరీక్ష గొట్టంలోని నీలి ద్రవం, కూలెంట్‌లోకి చొరబడిన దహన వాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే పసుపు రంగుకు మారుతుంది. అయితే రంగు మారనంత మాత్రాన ఆయిల్, కూలెంట్ దారుల మధ్య లీకు లేదని తేల్చరాదు.

● ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయరాదు. పీడనం తగ్గగానే కూలెంట్ ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది.