బహుమతి వేరు, పాట వేరు

క్రితం మాసంలో ఒక ఆదివారం ఉదయం కాఫీ త్రాగి పేపరు తిరగేస్తుంటే, మా గుమ్మంలో తండ్రీ కూతురూ ప్రత్యక్షమయ్యారు. తండ్రి మా మండవల్లిలోనే చేపల చెరువు కౌలుకు చేసుకుంటున్నాడు. కూతురు బి.ఏ. ఆఖరి సంవత్సరం, నా దగ్గరే తెలుగు చదువుతోంది. మంచి గొంతు. ఆ పిల్ల పాట లేకపోతే మా కాలేజీ వార్షికోత్సవం వార్షికోత్సవంలాగే ఉండదు.

"మాస్టారూ, టీవీవాళ్ళ పాటల పోటీకి హైదరాబాదు వెడతానంటోంది. సరిగా పరీక్షల రోజుల్లోనే! గెలిస్తే వెంటనే సొంత పాట రికార్డు చేస్తారట. పంపమంటారా, వద్దంటారా?" అన్నాడాయన.

పిల్ల మాట్లాడలేదు గాని, కళ్ళు నావైపే ఉన్నాయి. పంపమనడానికీ, వద్దనడానికీ కూడా నాకు నోరు రాలేదు. అందుచేత రెండు కథలు చెప్పాను.

మొదటిది అమెరికా కథ. 2002లో అక్కడ 'అమెరికన్ ఐడల్' అనే టీవీ పోటీ మొదలయింది. సెప్టెంబరు 4వ తేదీన కెల్లీ క్లార్క్‌సన్ అనే అమ్మాయి గెలిచింది. 17వ తేదీకల్లా ఆమె మొదటి పాట బజారులోకి వచ్చేసింది. పదమూడే రోజులు! అమెరికా పాటల పట్టికలో 52వ స్థానంనుంచి ఒక్క గెంతులో మొదటి స్థానానికి చేరింది. ఇంత త్వరగా ఎలా సాధ్యమయిందంటారా? రహస్యమేమీ లేదు. ఎవరు గెలిచినా పాడడానికి వీలుగా పాట ముందే సిద్ధం చేసి ఉంచారు. ఆఖరి పోటీలో ఇద్దరి చేతా అదే పాడించారు. కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కా అన్నమాట! ఆ చొక్కాతోనే ఊరుకుని ఉంటే ఆమె ఈపాటికి ఎవరికి గుర్తుండేది? తరువాత పాటలు వ్రాయడంలో తానూ చెయ్యి వేసింది. 2004లో వచ్చిన రెండవ ఆల్బంతో స్థిరంగా నిలబడింది.

ఆ కుటుంబంలోదే మన 'ఇండియన్ ఐడల్'. 2005లో మొదటి విజేత అభిజీత్ సావంత్. అదే ఏడు అతని ఆల్బమూ వచ్చింది. మన తెలుగువాళ్ళలో శ్రీరామచంద్ర 2010లోనూ, రేవంత్ 2017లోనూ గెలిచారు. రేవంత్ అంతకు రెండేళ్ళ ముందే 'బాహుబలి'లో పాడాడు. బహుమతి వచ్చేదాకా అతని పాట ఆగలేదు.

రెండవది మన ఇంటి కథ. 1960 దశకంలో మద్రాసులో తెలుగువారు ఔత్సాహిక గాయకులకు ఒక పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలలో ఘంటసాలగారు ఒకరు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన మనిషి. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్న మనిషి. మొదటి బహుమతి ఇంజనీరింగు చదువుతున్న ఒక కుర్రవాడికి వచ్చింది. అతడే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. అతని గొంతు గుర్తించినవారు సంగీత దర్శకులు కోదండపాణిగారు. అయినా పదమూడు రోజుల్లో పాట రాలేదు. రెండేళ్ళకు పైగా గడిచాక, 1966 డిసెంబరు 15న, 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రానికి మొదటి పాట పాడారు. తరువాత 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టి, పిల్లల తప్పులను ఓపికగా దిద్దిన పెద్దమనిషీ ఆయనే.

"కథలు బాగున్నాయి మాస్టారూ. ఇంతకీ పంపమంటారా?" అన్నాడు తండ్రి, పట్టు వదలకుండా.

నేను పిల్లవైపు తిరిగి, "ఏదీ తల్లీ, ఒక పాట పాడు" అన్నాను. సినిమా పాట అందుకుంది. అచ్చు గుద్దినట్టు అసలు గాయని గొంతే! ఊపిరి తీసుకునే చోటు కూడా తప్పలేదు.

"భేష్! ఇప్పుడు సినిమాల్లో ఎవరూ పాడనిది ఒకటి పాడు."

పిల్ల తెల్లబోయింది. చాలాసేపు ఆలోచించి, తన నాయనమ్మ పాడే నాట్ల పాట మెల్లగా ఎత్తుకుంది. వరి పొలాలు చేపల చెరువులైన తరువాత మా పక్క ఆ పాటలతో పనిలేకుండా పోయింది. రెండు చరణాలయ్యాక మాటలు జ్ఞాపకం రాక ఆగిపోయింది. గొంతు ఒకచోట వణికింది కూడా. కాని ఆ గొంతు ఎవరిదో నాకు మొట్టమొదటిసారి తెలిసింది. తండ్రి తల వంచుకుని వింటున్నాడు. ఆయన తల్లి పాట గదా!

"పోటీ వచ్చే ఏడు కూడా ఉంటుంది. ముందు పరీక్షలు వ్రాయి. ఈలోగా ఆ మూడో చరణం సంపాదించు" అన్నాను. పిల్ల మారుమాట చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఒకవేళ ఈ ఏడే దాని అదృష్టమయి ఉంటే? ఆ తప్పు దిద్దడం నావల్ల అవుతుందా?

నాలుగు రోజుల తరువాత క్లాసయి వస్తుంటే వరండాలో కాచుకుని ఉంది. చేతిలో నోటుపుస్తకం. "నాయనమ్మ ఏడు చరణాలు చెప్పింది మాస్టారూ. కొన్ని మాటలకు అర్థం తెలియడం లేదు" అంది.

ఎమ్మే చదివాను గాని, అందులో మూడు మాటలు నాకూ తెలియలేదు. వచ్చే ఆదివారం ఆ ముసలమ్మగారి దగ్గరకు ఇద్దరమూ పాఠానికి వెడుతున్నాము.