ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చిన ఇంగ్లీషు జాతీయాలు

1. పరిచయం

ఇంగ్లీషు దినపత్రికలో ‘మినిస్టర్ స్కోర్స్ ఓన్ గోల్’ అనే శీర్షిక మీకు కనబడిందనుకోండి. ‘ఓన్’ అంటే సొంత, ‘గోల్’ అంటే లక్ష్యం అని మీకు తెలుసు. కాబట్టి మంత్రి తన లక్ష్యాన్ని సాధించాడని మీరు అనుకొనే అవకాశం ఉంది. నిజానికి ఆ శీర్షిక చెబుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. మంత్రి తన మాట వల్లనో చేష్ట వల్లనో తనకే నష్టం తెచ్చుకొన్నాడని దాని అర్థం. రెండు పదాలూ తెలిసి కూడా అర్థం తలకిందులైంది. ఎందుకంటే ఆ మాట అర్థం ఫుట్‌బాల్ ఆటలో ఉంది.

ఇలాంటి వాడుక మనకు కొత్త కాదు. వాదనలో ఓడినవాణ్ణి ‘క్లీన్‌బౌల్డ్ అయ్యాడు’ అని తెలుగులో అంటూనే ఉంటాం. క్రికెట్ ఎరుగని వారికి ఆ మాట ఎంత అయోమయమో, ఫుట్‌బాల్ తెలియని వారికి ఈ ఇంగ్లీషు జాతీయాలు అంతే అయోమయం. అందువల్ల ముందు మైదానంలో ఏం జరుగుతుందో తెలుసుకొని, ఆ తర్వాత అర్థంలోకి వెళదాం.

2. ఓన్ గోల్, ఓపెన్ గోల్

ఒక ఆటగాడి కాలికో తలకో తగిలి బంతి అతని జట్టు గోల్‌లోకే వెళితే అది ‘ఓన్ గోల్’. ఆ గోల్ ఎదుటి జట్టు లెక్కలో చేరుతుంది. 2018 జులై 15న మాస్కోలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు మారియో మాంజుకిచ్ తలకు తగిలిన బంతి సొంత గోల్‌లోకి వెళ్లింది. చివరికి ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. అదే మ్యాచ్‌లో మాంజుకిచ్ ఫ్రాన్స్‌పై కూడా ఒక గోల్ చేశాడు. అంటే అతడు జట్టుకు ద్రోహం చేసినవాడు కాడు. ఈ సంగతి ముఖ్యం. కావాలని చేసిన నష్టాన్ని ‘ఓన్ గోల్’ అనరు. తన గొయ్యి తానే తెలియక తవ్వుకొన్నప్పుడే ఈ మాట సరిపోతుంది. దీనికి ముందు వచ్చే క్రియ ‘స్కోర్’. ‘డూ’, ‘మేక్’ వాడకండి.

గోల్‌కీపర్ అడ్డు లేక ఖాళీగా ఉన్న గోల్ ‘ఓపెన్ గోల్’. ‘హి మిస్డ్ అన్ ఓపెన్ గోల్’ అంటే నోటిదాకా వచ్చిన ముద్దను జారవిడుచుకొన్నాడని భావం.

3. గోల్‌పోస్ట్స్, ప్లేయింగ్ ఫీల్డ్

గోల్ స్తంభాల మధ్య దూరం 7.32 మీటర్లు, నేల నుంచి అడ్డకమ్మీ ఎత్తు 2.44 మీటర్లు. ఈ కొలతలు రెండు జట్లకూ ఒక్కటే. మీరు బంతిని తన్నిన తర్వాత ఎవరో ఆ స్తంభాలను పక్కకు జరిపితే ఎలా ఉంటుంది? అదే ‘మూవ్ ద గోల్‌పోస్ట్స్’. పని మొదలైన తర్వాత షరతులు మార్చి, ఎదుటివారిని నెగ్గనివ్వకపోవడం అని అర్థం.

ఈ జాతీయంలో నింద ఉందని గుర్తుంచుకోండి. ‘యు ఆర్ మూవింగ్ ద గోల్‌పోస్ట్స్’ అని మీ అధికారితో అంటే, మీరు అన్యాయం చేస్తున్నారని ముఖం మీద అన్నట్లే. కేవలం వివరణ కావాలనుకొన్నప్పుడు ‘కుడ్ వుయ్ కన్ఫర్మ్ ద రిక్వైర్‌మెంట్స్?’ అని అడగడం మర్యాద.

‘లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్’ అంటే అందరికీ సమానమైన అవకాశం. ఇంగ్లండ్‌లో యోవిల్ టౌన్ క్లబ్ పాత మైదానం ఒక పక్క నుంచి మరో పక్కకు వాలుగా ఉండేది. 1949లో ఎఫ్.ఎ. కప్ పోటీలో ఈ చిన్న క్లబ్ అక్కడే సండర్లండ్ వంటి పెద్ద జట్టును 2-1తో ఓడించింది. వాలుకు అలవాటుపడిన వారికి కొత్తవారి కంటే కొంత అనుకూలత ఉంటుంది కదా! ఈ జాతీయం ఫుట్‌బాల్‌కే పరిమితం కాకపోయినా, దాని భావం ఇక్కడ బాగా తెలుస్తుంది.

4. రెడ్ కార్డ్

1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా జట్లు తలపడ్డాయి. జర్మన్ రిఫరీ అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ను బయటకు పొమ్మన్నాడు. రట్టీన్ మాట్లాడేది స్పానిష్. ఒకరి భాష ఒకరికి రాదు. రట్టీన్ వెంటనే మైదానం విడవలేదు, ఆట ఆగిపోయింది. ఆ పోటీల రిఫరీల బాధ్యత చూసిన కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ దీపాలను చూసినప్పుడు ఒక ఉపాయం తోచింది. పసుపు కార్డు హెచ్చరిక, ఎర్ర కార్డు బహిష్కరణ. 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్‌లో కార్డులు ప్రవేశపెట్టారు. నేడు ఆట బయట కూడా ‘షో సంబడీ ద రెడ్ కార్డ్’ అంటే ఒకరిని తొలగించడం లేదా నిరాకరించడం అని అర్థం.

5. ఆఫీసులో వినబడే మరికొన్ని

‘ద మీటింగ్ కిక్స్ ఆఫ్ ఎట్ టెన్’: సమావేశం పదింటికి మొదలవుతుంది. బంతిని తన్ని ఆట మొదలుపెట్టడం నుంచి వచ్చింది. ‘కిక్ ఔట్’ అంటే గెంటివేయడం, రెంటినీ కలపకండి.

‘షీ ఈజ్ ఆన్ ద బాల్’: ఆమె చురుకుగా, అప్రమత్తంగా ఉంది. ‘ద’ తప్పనిసరి.

‘ఆన్ ద సైడ్‌లైన్స్’: గీత అవతల నిలబడి చూస్తూ, పనిలో పాలుపంచుకోకపోవడం. గట్టున కూర్చొని చూడటం అని మనం అంటాం.

‘పొలిటికల్ ఫుట్‌బాల్’: పార్టీలు ఒకరి మీదికొకరు తన్నుకొంటున్న సమస్య. పరిష్కారం కంటే లాభమే అక్కడ ముఖ్యమని విమర్శ.

6. ఫుట్‌బాల్ అనిపించినా కానివి

‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ టెన్నిస్ నుంచి వచ్చింది. బంతి మీ వైపు ఉంది, ఇక చేయవలసింది మీరే అని అర్థం. ‘హ్యాట్రిక్’ ఫుట్‌బాల్‌లో నిత్యం వినబడినా, పుట్టింది క్రికెట్‌లో. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియాపై హ్యాట్రిక్ చేశాడు, అంటే ఒకే ఆటలో మూడు గోల్స్.

అమెరికన్లతో పనిచేసేవారు మరొక సంగతి గమనించాలి. అక్కడ ‘ఫుట్‌బాల్’ అంటే బంతిని చేత పట్టుకొని పరుగెత్తే వేరే ఆట. మన ఆటను వారు ‘సాకర్’ అంటారు. ‘హి డ్రాప్డ్ ద బాల్’ వంటి మాట చేతిలోని బంతిని జారవిడవడం నుంచి వచ్చింది. అప్పగించిన పనిని అశ్రద్ధతో చెడగొట్టాడని అర్థం.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

కింది సందర్భాలకు తగిన జాతీయం రాయండి.

అ) దరఖాస్తు గడువు ముగిశాక అర్హత మార్కులను పెంచారు.
ఆ) పోటీదారును విమర్శించబోయి ఒక కంపెనీ తన లోపాన్నే బయటపెట్టుకొంది.
ఇ) మేము ధర చెప్పాం, ఇక మీరే నిర్ణయించాలి.

జవాబులు: అ) మూవ్ ద గోల్‌పోస్ట్స్. ఆ) స్కోర్ అన్ ఓన్ గోల్. ఇ) ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్.

8. సారాంశం

ఆట నుంచి వచ్చిన జాతీయానికి విడివిడి పదాల అర్థాలు సరిపోవు. కొత్త జాతీయం ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఏ ఆట నుంచి వచ్చింది? మైదానంలో అప్పుడు ఎవరికి మేలు, ఎవరికి నష్టం? ఇందులో మెప్పు ఉందా, నింద ఉందా? మూడో ప్రశ్నకు జవాబు తెలియకుండా ఆ మాటను ఇతరుల మీద ప్రయోగించకండి. తెలియని జాతీయాన్ని వాడకపోతే ఎవరూ తప్పు పట్టరు. తెలియకుండా వాడితే మాత్రం అది మీ ఓన్ గోల్ కావచ్చు.