దేశం మారినా పలికే ఫోను

ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో కొన్న రెండు బ్యాండ్ల జీఎస్‌ఎం ఫోనుతో పైచదువుకు అమెరికా వెళ్తే, అక్కడ దిగాక సిగ్నలే అందేది కాదు. ఫోనులో లోపమేమీ లేదు. అది వినగలిగేవి 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాలు. అక్కడి జీఎస్‌ఎం టవర్లు పలికేవి 850, 1900 మెగాహెర్ట్జ్‌లలో. ఈ అగాధం పూడ్చడానికి ఎన్ని దేశాలు, ఎందరు ఇంజనీర్లు శ్రమించారో తెలిస్తే జేబులోని యంత్రం మీద గౌరవం పెరుగుతుంది.

1973 ఏప్రిల్ 3న మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో కిలోకు పైగా బరువున్న ఫోను చేతబట్టుకుని మాట్లాడారు. 1979లో టోక్యోలో, 1983లో షికాగోలో సేవలు మొదలయ్యాయి. ఎవరి పద్ధతి వారిది. 1981లో వచ్చిన నార్డిక్ దేశాల ఉమ్మడి వ్యవస్థ మాత్రం సరిహద్దు దాటినా పలికేది. యూరప్ ఆ దారే పట్టింది. 1987లో కోపెన్‌హేగన్‌లో 13 దేశాల టెలిఫోన్ సంస్థలు ఒకే డిజిటల్ పద్ధతికి ఒప్పుకుని సంతకాలు చేశాయి. అదే జీఎస్‌ఎం. 1991 జులై 1న ఫిన్లాండ్ మాజీ ప్రధాని హారీ హోల్కెరి దాని మీద తొలి కాల్ చేశారు. మరుసటి ఏడాదే ఫిన్లాండ్, బ్రిటన్ సంస్థల మధ్య రోమింగ్ ఒప్పందం కుదిరింది.

1995లో మొబైల్ సేవలు మొదలైనప్పుడు మన దేశమూ ఈ బాటే ఎంచుకుంది. జీఎస్‌ఎంను యూరప్‌లా 900, 1800 బ్యాండ్లలో నడిపే వీలు అమెరికాకు లేకపోయింది. అక్కడ 900, 1800 పరిసరాల్లో అప్పటికే వేరే సేవలు, ప్రభుత్వ అవసరాలు పాతుకుపోయి ఉన్నాయి.

రోమింగ్ నడిచే తీరు ఇదీ. సిమ్‌లో సాధారణంగా 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి మూడంకెలు దేశానివి. మన సిమ్‌లలో అవి మామూలుగా 404 లేదా 405. పరాయి నెట్‌వర్క్ ఆ సంఖ్య చూసి ఇక్కడి కంపెనీని వాకబు చేస్తుంది. మా చందాదారే అని జవాబొస్తేనే లోపలికి రానిస్తుంది. అయితే ఇదంతా జరగాలంటే ముందు ఫోను ఆ టవరును వినాలి.

వినడానికి బ్యాండును బట్టి ఫోనులో వడపోత ఉండాలి. ఆ వడపోత ఒక చిన్న స్ఫటికం. రేడియో సంకేతం దాని మీదికి చేరగానే ధ్వని కంపనంగా మారుతుంది. స్ఫటికం మీద ఆ కంపనం వేగం కాంతి వేగంలో దాదాపు లక్షో వంతే. అందుకే గాలిలో 33 సెంటీమీటర్లున్న 900 మెగాహెర్ట్జ్ తరంగం అక్కడ నాలుగు మైక్రాన్లకు కుదించుకుపోతుంది. స్ఫటికం మీద దువ్వెన పళ్లలా పరిచిన లోహపు గీతల ఎడానికి సరిపోయే తరంగం ముందుకు సాగి మళ్లీ విద్యుత్ సంకేతమవుతుంది. మిగతావి అణగిపోతాయి. ఇంతా చేసి ఆ స్ఫటికం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు.

1999లో మోటరోలా మూడు బ్యాండ్ల ఫోను తెచ్చింది. ఆ తర్వాత నాలుగు బ్యాండ్లవీ వచ్చాయి. జపాన్, కొరియా వంటి దేశాలు మినహా ప్రపంచంలో చాలాభాగం అప్పట్లో వాటితో తిరిగి రాగలిగేవారు. 4జీతో చిక్కు మళ్లీ మొదటికొచ్చింది. బ్యాండ్ల సంఖ్య నలభై దాటింది.

తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు దాటుతాయి. అమెరికాలో 600, 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు పల్లెలకూ రహదారులకూ కీలకం. 71, 12, 13 అనే బ్యాండ్ నంబర్లు అవే. అవి లేని ఫోను నగరంలో బాగానే పనిచేసినా ఊరు దాటాక తడబడవచ్చు. పైగా 2022లో అక్కడి పెద్ద కంపెనీలు 3జీ మూసేశాయి. 4జీ మీదే కాల్ కలిపే వోల్టీ కుదరని ఫోనులో డేటా వచ్చినా మామూలు కాల్ కలవకపోవచ్చు. ప్రయాణానికి ముందు ఫోను మోడల్ నంబరుతో బ్యాండ్ల జాబితా చూసుకోవాలి. ఒకే పేరున్న ఫోనుకు దేశాన్ని బట్టి వేర్వేరు రకాలు ఉండవచ్చు.

తరువాతి తరం బ్యాండ్లు 2027 ప్రపంచ రేడియో సమావేశం ఎజెండాలో ఉన్నాయి. ఫోను చేతికొచ్చింది ఇంజనీర్ల ప్రతిభతో, సముద్రాలు దాటింది దేశాల సఖ్యతతో. ఆ సఖ్యత ఎంత కుదిరితే రేపటి ఫోనులో వడపోతలు అంతగా తగ్గుతాయి, ప్రయాణికుడికి అంత నిశ్చింత.