చేతిలో పనే ప్రార్థన

నంద్యాల దగ్గరి శిరివెళ్లలో తెల్లారకముందే లేచే ఆడవాళ్లను ప్రార్థనకు తీరిక ఉందా అని అడిగితే నవ్వుతారు. పొయ్యి, పాలు, పిల్లల క్యారియర్లు, ఆపైన కలుపు కూలి. రోజంతా దేవుడి ధ్యానం మఠంలో ఉండే సిస్టర్లకే కుదురుతుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. మఠంలోనూ ఊడవాలి, వండాలి, ఉతకాలి.

ఆరో శతాబ్దంలో బెనెడిక్టు అనే క్రైస్తవ సన్యాసి రాసిన మఠ నియమాలను ఇప్పటికీ ఎన్నో దేశాల మఠకన్యలు పాటిస్తున్నారు. మఠంలోని పనిముట్లను పూజాపీఠం మీది పాత్రలంత పవిత్రంగా చూడాలన్నది అందులో ఒకటి. మన చేటా, పారా, తపేలా కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ప్రార్థన గంట వినిపిస్తే చేతిలో పని ఉన్నదున్నట్టు వదిలి వెళ్లాలన్నది మరొకటి. పనిని అంతగా గౌరవించమన్నవాడే, దాన్ని వదలడమూ నేర్చుకోమన్నాడు.

ఫ్రాన్సుకు చెందిన చిన్న తెరేజమ్మ 15 ఏళ్లకే కార్మెల్ మఠంలో చేరి, 1897లో 24 ఏళ్లకే కన్నుమూశారు. బట్టలుతికే చోట ఎదుటి సిస్టరు చేతి గుడ్డల నుంచి మురికినీళ్లు ఆమె ముఖాన చిందేవి. వెనక్కి జరగాలనిపించినా జరగలేదు, విసుగు ముఖాన కనపడనివ్వలేదు. కుళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడ్డవాళ్లకు అది ఎంత కష్టమో తెలుసు. అయితే తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భరించమని దీనికి అర్థం చెప్పేవాళ్లను నమ్మకండి. ఆమె ఓర్చుకున్నది చిన్న చిరాకును, దౌర్జన్యాన్ని కాదు.

మనకు దగ్గరి ఉదాహరణా ఉంది. నంద్యాలలో రైలెక్కితే గిద్దలూరు, మార్కాపురం మీదుగా గుంటూరు చేరతాం. అక్కడికి 1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లౌరీ అనే డాక్టరు వచ్చారు. వైద్యం అందక ఇండియాలో తల్లులూ బిడ్డలూ చనిపోతున్న సంగతి 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి కదిలిపోయిన మనిషి. గుంటూరులో జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) అనే మఠకన్యల సభలో చేరి సిస్టరయ్యారు. మఠకన్యలు వైద్యం చేయడాన్ని అప్పట్లో చర్చి అనుమతించేది కాదు. పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా ఒప్పుకున్నాకే ఆమెకు దారి దొరికింది. ఆమె కాలంలోనే ఒక చిన్న డిస్పెన్సరీ పెరిగి ఆస్పత్రయింది. ఊళ్లకు వెళ్లి రోగులను చూశారు, స్థానిక స్త్రీలకు మందులు కలపడం, పురుడు పోయడం నేర్పారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నేర్పడమే. తానొక్కతే అందరినీ కాపాడాలన్న పట్టుదల ఉంటే అది జరిగేది కాదు. 1943లో ఆమె చొరవతో మొదలైన కథోలిక ఆస్పత్రుల సంఘం సికింద్రాబాదు కేంద్రంగా నేటికీ పనిచేస్తోంది. 1957లో బెంగళూరులో ఆమె కన్నుమూశారు.

మఠం గంట మనకు లేకపోవచ్చు. గుడి గంటో, మసీదు అజానో, చర్చి గంటో మన ఊళ్లలో వినపడుతూనే ఉంటుంది. రేపు అది వినపడ్డప్పుడు చేతిలో పని ఆపి, ఒక్క నిమిషం మౌనంగా నిలబడి చూడండి. తర్వాత ఆ పనినే మళ్లీ అందుకోండి.